టైమింగ్ టేప్ కొనే ముందు పుల్లీ కొలవండి

నా కార్బురేటర్ కారులో క్రాంక్ పుల్లీ, అదే హార్మోనిక్ బ్యాలెన్సర్ మీద ఉన్నది ఒకే ఒక్క సన్నటి గాడి. అది టాప్ డెడ్ సెంటర్, అంటే ఒకటో సిలిండర్ పిస్టన్ పైకొసకు చేరే చోటు. ఎదురుగా ఉన్న రేకు పాయింటర్‌కి 12 డిగ్రీల దాకా పళ్లున్నాయి. ఐడిల్ టైమింగ్, అంటే బండి ఆగి ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు ప్లగ్ రవ్వ ఎప్పుడు పడుతుందో చూసుకోవడానికి అవి చాలు. కానీ డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు పూర్తిగా విచ్చుకున్నాక, 3000 ఆర్‌పీఎం దగ్గర మొత్తం అడ్వాన్స్ (పిస్టన్ పైకొసకు చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు రవ్వ పడుతుందో) ఎంతో చూడాలంటే పుల్లీ మీదే డిగ్రీలు ఉండాలి. అందుకోసం అచ్చువేసిన టేప్ తెచ్చి అంటిస్తారు. నేను ఇప్పటికి రెండు కొన్నాను. మొదటిది నన్ను ముంచింది. రెండోది ఐదు నెలలుగా వాడుతున్నాను.

మొదటిది ఏ పుల్లీకైనా సరిపోతుందని చెప్పి అమ్మిన ఒంటి టేప్. అంటించి, టైమింగ్ లైట్ (ప్లగ్ రవ్వతో పాటే మెరిసి, ఆ క్షణంలో పాయింటర్ ఎదురుగా ఏ గీత ఉందో చూపేది) పెట్టి, మొత్తం అడ్వాన్స్ 32 దగ్గర బిగించాను. నలుగురం ఎక్కి ఎత్తు ఎక్కేసరికి డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు నాకింగ్, రవ్వ మరీ ముందు పడితే వచ్చే చప్పుడు. పెట్రోల్‌ని అనుమానించాను, ప్లగ్గులు మార్చాను, కార్బురేటర్ విప్పి కడిగాను. రెండు వారాలు అదే టెన్షన్. చివరికి ఆ టేప్ పీకి, గాజు పలక మీద పరిచి కొలిచాను. 0 నుంచి 30 గీత దాకా 53 మిల్లీమీటర్ల పైచిలుకు వచ్చింది. అది 8 అంగుళాల పుల్లీ లెక్క. నా పుల్లీ 7 అంగుళాలు. దాని మీద 30 డిగ్రీలంటే 46.5 మిల్లీమీటర్లే. అంటే టేప్ మీద 32 చూసి నేను బిగించింది నిజానికి ముప్పై ఆరున్నర!

ఈ తప్పు ఐడిల్‌లో దొరకదు. టేప్ 10 చూపించినప్పుడు అసలు టైమింగ్ 11.4. పాయింటర్ పళ్లతో పోల్చినా ఆ కాస్త తేడా నాకు ఆనలేదు. అంకె పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది, పిస్టన్లకు దెబ్బ తగిలేదీ అక్కడే.

రెండోసారి ఆరు కొలతల టేపులున్న ప్యాకెట్ కొన్నాను. ప్రతి టేప్ మీదా అది ఎన్ని అంగుళాల వ్యాసానికో అచ్చువేసి ఉంది. ఈసారి ముందే కొలిచాను. రేడియేటర్ అడ్డం వల్ల వెర్నియర్ దూరలేదు. కాగితం పట్టీని పుల్లీ చుట్టూ బిగుతుగా చుట్టి, అంచులు కలిసిన చోట పెన్సిల్ గీత పెట్టి, విప్పి స్కేలుతో చూస్తే 558.5 వచ్చింది. 3.1416తో భాగిస్తే 177.8, సరిగ్గా 7 అంగుళాలు. అదే చుట్టుకొలతను 360తో భాగిస్తే ఒక డిగ్రీకి 1.55 మిల్లీమీటర్లు. ప్యాకెట్‌లోని 7 అంగుళాల టేప్‌లో 0 నుంచి 30 ఎంతుందో అంటించక ముందే చూశాను: 46.5. అక్కడే దీని మీద నమ్మకం కలిగింది.

టేప్ ఎంత మంచిదైనా సున్నా తప్పితే మొత్తం తప్పుతుంది. అందుకని పాత గాడిని గుడ్డిగా నమ్మలేదు. బ్యాటరీ వైరు తీసి, ప్లగ్గులన్నీ విప్పి, ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ని పైకొసకు చేరనీయకుండా ఆపే మర) బిగించాను. పిస్టన్ దానికి మెల్లగా ఆనేదాకా స్పానర్‌తో క్రాంక్ తిప్పి, పాయింటర్ ఎదురుగా ఒక గీత. వెనక్కి తిప్పి మళ్లీ ఆనిన చోట ఇంకో గీత. రెండింటి మధ్య 92 మిల్లీమీటర్లు వచ్చింది, సగం 46. సరిగ్గా గాడి మీదే పడింది. ఈ పని స్టార్టర్‌తో మాత్రం చేయకండి, పిస్టన్ పగులుతుంది.

మీ గాడి నడి గీతకు దూరంగా ఉంటే బ్యాలెన్సర్ రబ్బరు జారిందేమో చూడండి. లోపలి బొడ్డు నుంచి రబ్బరు మీదుగా బయటి రింగు దాకా ఒకే పెయింట్ గీత గీసి కొన్నాళ్లు నడపాలి. గీత తెగి పక్కకు జరిగితే బ్యాలెన్సరే మార్చాలి, టేప్ ఏమీ చేయలేదు.

ఇక అంటించడం. పుల్లీని బ్రేక్ క్లీనర్‌తో తుడిచాను, తుప్పు మచ్చలు సన్న సాండ్ పేపర్‌తో తీశాను. నల్ల నేల మీద తెల్ల అంకెలు, 2 డిగ్రీలకో గీత, 60 దాకా. ఈ నలుపు నాకు బాగా నచ్చింది. పాత టేప్ వెండి రంగుది, లైట్ పడగానే తళుక్కుమని అంకెలను మింగేసేది. పెయింట్ గీతలతోనూ ఒకసారి ప్రయత్నించాను. కుంచెతో ఎంత సన్నగా గీసినా 2 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే ఒక డిగ్రీకి పైనే.

ప్యాకెట్‌లో ఏ దిక్కుకు అంటించాలో చెప్పే కాగితం లేదు. ఇది పెద్ద లోపం. ముందు నుంచి చూస్తే గడియారం ముల్లులా తిరిగే ఇంజన్‌లో, అంకెలు సున్నా నుంచి ఆ తిరిగే దిక్కుకే పెరుగుతూ పోవాలి. అప్పుడే పాయింటర్ ముందుకు మొదట 30, తర్వాత 20, చివరికి సున్నా వస్తాయి. ఎదురు దిక్కుకు తిరిగే ఇంజన్లకు ఈ ప్యాకెట్ పనికిరాదు. ఇంకో లోపం, సున్నా గీతను టేప్ అంచు మీదే అచ్చువేశారు. గాడికి ఆనించడానికి నాకు మూడుసార్లు పట్టింది. చివరికి భూతద్దం పెట్టుకున్నాను.

తర్వాత డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే వాక్యూమ్ గొట్టం తీసి మూసేసి, ఐడిల్‌లో 10, 3000 దగ్గర 32 పెట్టాను. నా లైట్‌కి, పెట్టినన్ని డిగ్రీలు మెరుపును ఆలస్యం చేసే డయల్ ఉంది. దాన్ని 32కి తిప్పితే పుల్లీ మీది సున్నా గీత పాయింటర్ ఎదురుగా వచ్చి ఆగింది. డయల్, టేప్ రెండూ ఒకే మాట చెప్పాయి. అదే ఎత్తు, అదే నలుగురం, నాకింగ్ లేదు.

మూడో నెలలో 60 వైపు కొన లేచింది. ఆ చివర నూనె సరిగా తుడవకపోవడం వల్లే. మళ్లీ తుడిచి, నొక్కి, పైన పలచగా క్లియర్ లాకర్ కొట్టాను. బెల్టు పక్కనే తిరుగుతున్నా ఆ తర్వాత కదల్లేదు. ఆరింటిలో నాకు పనికొచ్చింది ఒక్కటే అయినా మళ్లీ కొనాల్సి వస్తే ఇదే ప్యాకెట్ కొంటాను.