పశువుల సీమలో ఫోటోలు: తెల్ల కాగితం ముందా, దొడ్డి దగ్గరా?

అమెరికా పశ్చిమాన పశువుల మీద బతికే ఊళ్లను, అక్కడి మామూలు జనాన్ని ఫోటో తీసినవాళ్లు మూడు దారులు పట్టారు. మనిషిని చుట్టుపక్కల నుంచి విడదీసి తీయడం ఒకటి, దారిన పోతూ తీయడం ఇంకొకటి, అక్కడే కాపురముండి తీయడం మూడోది. నా ఓటు మూడోదానికే. అలాగని మొదటిదాన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

న్యూయార్క్ ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ రిచర్డ్ ఎవెడాన్‌కు ఈ పని అప్పగించింది టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఉన్న ఏమన్ కార్టర్ మ్యూజియం. 1979 నుంచి 1984 దాకా తిరిగి 752 మందిని తీశాడు. నీడపట్టున పెద్ద తెల్ల కాగితం కట్టి, దాని ముందు మనిషిని నిలబెట్టేవాడు. కెమెరా 8x10 అంగుళాల ఫిల్మ్ పట్టేంత పెద్దది. తను దాని వెనక దాక్కోకుండా పక్కనే నిలబడేవాడు. టెక్సస్‌లోని స్వీట్‌వాటర్‌లో తీసిన 13 ఏళ్ల కుర్రాడి ఫోటో చూడండి: చేతుల్లో చీల్చిన రాటిల్‌స్నేక్ అనే విషపు పాము, వేలాడే పేగులు, బట్టల మీద రక్తం, ముఖంలో మాత్రం బెరుకు లేదు. గుర్రం లేదు, కొండ లేదు, సూర్యాస్తమయం అంతకన్నా లేదు. సినిమా కౌబాయ్ పోయి మనిషి మిగిలాడు. అది చిన్న సంగతి కాదు.

కానీ ఆ కాగితం ముందు పని జరగదు. ముద్ర వేయడానికి ఎవరూ దూడను కింద పడేయరు, కంచె తీగ బిగించరు. పని ఒంటి మీద వదిలిన గుర్తులే కనిపిస్తాయి. పైగా వాడిపోయిన ముఖాలనే ఏరుకున్నాడన్న విమర్శ అప్పట్లోనే వచ్చింది, అందులో నిజముంది.

రెండో దారి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1936లో ప్రభుత్వం తరఫున కరువును చూపించడానికి వెళ్లిన ఆర్థర్ రోత్‌స్టీన్ దక్షిణ డకోటాలో ఒక పశువు పుర్రెను కొన్ని అడుగులు జరిపి మళ్లీ తీశాడు. అది ఎన్నికల ఏడాది, ప్రభుత్వం కల్పించిన ఫోటో అని పత్రికలు గగ్గోలు పెట్టాయి. కరువు నిజమే, అయినా జరిపిన పుర్రె దాని మీద అనుమానం తెచ్చిపెట్టింది. అదే మనిషి 1939లో మోంటానాలోని ఒక రాంచ్‌లో, అంటే పశువులను పెంచే పెద్ద క్షేత్రంలో, మందలను పోగుచేసే పని వెంట ఉండి తీసిన ఫోటోలు ఎంతో మేలు.

ఇక మూడో దారి పట్టిన ఎవెలిన్ కామెరాన్. ఇంగ్లండ్‌లో కలిగిన ఇంట్లో పుట్టి, భర్తతో మోంటానా వచ్చి టెర్రీ ఊరి దగ్గర రాంచ్ పెట్టింది. పోలో గుర్రాల వ్యాపారం దెబ్బతింది. ఇల్లు గడవడానికి 1894లో కెమెరా పట్టింది. పాలు పితకడం, కూరగాయలు అమ్మడం, కట్టెలు కొట్టడం తన పనులే. గొర్రెలకు ఉన్ని కత్తిరించేవాళ్లు, కొత్తగా వచ్చిన రైతు కుటుంబాలు, గుర్రాల మీది ఆడవాళ్లు, అందరూ ఆమెకు ఇరుగుపొరుగే. 1904 నాటి ఒక ఫోటోలో వంటింట్లో రొట్టె పిండి పిసుకుతున్నది తనే. ఫోటోలు తీయించుకున్నవాళ్లే ఆమె దగ్గర కొనుక్కునేవాళ్లు కాబట్టి, వాళ్లు తమను ఎలా చూసుకోవాలనుకున్నారో కూడా వాటిలో తెలుస్తుంది. ఎవెడాన్ ఫోటోల్లో నాకు దొరకనిది ఇదే. ఆమె 1928లో పోయింది. నెగటివ్‌లు, డైరీలు ఒక స్నేహితురాలి ఇంటి నేలమాళిగలో 1970ల చివరిదాకా ఉండిపోయాయి.

ఈ దారికీ లోటుంది. పొరుగువాళ్లను నొప్పించే ఫోటో తీయడం పొరుగువాళ్లకు కష్టం. ఊరి తగాదాలు, తాగుబోతు మగడు, ఎండిపోయిన ఆశ, ఇవి ఎవెడాన్ లాంటి బయటివాడికే సులువుగా చిక్కుతాయి.

డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు కెమెరా పట్టుకుని ఫోర్ట్‌వర్త్‌లోని పాత పశువుల సంత స్టాక్‌యార్డ్స్‌కు వెళ్తుంటారు. రోజుకు రెండుసార్లు పొడవాటి కొమ్ముల లాంగ్‌హార్న్ పశువులను వీధిలో నడిపిస్తారు, అందరికీ అదే ఫోటో వస్తుంది. చేతిలో ఒక్క రోజే ఉంటే ఎవెడాన్ పద్ధతే మేలు: అనుమతి అడిగి, నీడలో వట్టి గోడ ముందు నిలబెట్టి, కాసేపు మాట్లాడి తీయండి. అబద్ధానికి తావు తక్కువ. మళ్లీ మళ్లీ వెళ్లగలిగితే మాత్రం ఒక్క రాంచ్‌నే పట్టుకోండి, దూడలకు ముద్రలు వేసే రోజుల్లో వెళ్లి చేతనైన సాయం చేయండి, ప్రింట్లు ఇచ్చి రండి. ఎవెడాన్ వెంట ఆ ఏళ్లన్నీ సహాయకురాలిగా తిరిగిన లారా విల్సన్ కూడా తన సొంత పనికొచ్చేసరికి తెల్ల కాగితం పట్టుకెళ్లలేదు. టెక్సస్‌లో ల్యాంబ్స్‌హెడ్ అనే ఒకే రాంచ్‌కు ఏళ్ల తరబడి వెళ్లి, అక్కడి మనుషులను వాళ్ల పనిలోనే తీసింది.