దిండిలో బస, పాలకొల్లులో మర్దన

సంక్రాంతి రద్దీ తగ్గాక అత్తయ్యగారు, మావయ్యగారితో కలిసి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో పాలకొల్లులో దిగాం. చించినాడ వంతెన మీద గోదారి పాయ వశిష్ఠ దాటితే దిండి. గోదారి ఒడ్డు గదులు, హౌస్‌బోట్ల గురించి చాలామందే రాశారు. మా వాళ్లు ఈసారి నూనె మర్దన కోసం ముచ్చటపడ్డారు. అత్తయ్యగారికి నడుం నొప్పి. మావయ్యగారికి షుగర్, పైగా స్టెంట్ వేశాక రక్తం పలచబడే మాత్రలు. నాకేమో కంప్యూటర్ ముందు కూర్చుని పట్టేసిన మెడ.

మొదట దిండి దగ్గర ఒక రిసార్ట్‌లో చేయించుకున్నాం. ఏసీ గది, సన్నగా వేణునాదం, శుభ్రమైన దుప్పట్లు. వంక పెట్టడానికి లేదు. నా మెడ వదులైంది, ఆ రాత్రి ఒళ్లెరగకుండా నిద్రపోయాను. కానీ రేట్ల కార్డు చేతిలో పెట్టారు తప్ప ఏం మందులు వాడుతున్నారని ఒక్కరూ అడగలేదు. మావయ్యగారిని గట్టిగా పిసికేశారు. మర్నాటికి తొడల మీద నల్లగా కమిలిన మచ్చలు. ఆ మాత్రలు వేసుకునేవాళ్లకి కాస్త బలంగా నొక్కినా చర్మం కింద రక్తం చేరుతుంది.

తర్వాత పాలకొల్లులో చిన్న ఆయుర్వేద ఆస్పత్రికి వెళ్లాం. గోడలకి రంగు వెలిసిపోయింది, ఫ్యాన్ గోల గోల. అయినా నా ఓటు దీనికే. డాక్టరమ్మ ముందు బీపీ చూశారు, మందుల చీటీ అడిగారు, ఆపైన అందరి పిక్కలూ పట్టి చూశారు.

"ఎన్ని గంటలు కూర్చుని వచ్చారండి?"

"రాత్రంతా రైల్లోనేనండి."

కదలకుండా గంటల తరబడి కూర్చుంటే కొందరికి కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చట. ఒక కాలే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే దాన్ని పిసక్కూడదు. గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. బస్సు దిగి ఎకాయెకి మసాజ్ బల్ల ఎక్కేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మావయ్యగారు వేడి మూట కాపడం కావాలన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గితే వేడి తెలియదు, బొబ్బలెక్కాక గానీ బయటపడదు. "ఆయ్, పైపైన నూనె రాయించి పంపిస్తానండి" అన్నారు నవ్వుతూ. అత్తయ్యగారిని మాత్రం కాళ్లు తిమ్మిరెక్కుతాయా, మూత్రం ఆపుకోగలరా, ఎముకలు గుల్లబారాయని ఎవరైనా చెప్పారా అని వివరంగా అడిగి, అప్పుడు ధన్వంతరం తైలంతో అభ్యంగనం చేయించారు. ఆడవాళ్లకి ఆడవాళ్లే చేస్తారు. నడుం బాగా తేలికపడింది. ఈ హాయి కొన్నాళ్లేనని, రోజూ నడవమని, కొన్ని వ్యాయామాలు చేయమని ఆవిడే చెప్పారు. మర్దనతో షుగర్ పోతుందనీ ఒంట్లో విషాలు కడిగేస్తుందనీ బోర్డులు పెట్టుకునేవాళ్లకంటే ఈ మాట నాకు నచ్చింది.

రాజోలులో మంగలి షాపులో కొబ్బరి నూనెతో తల మర్దన చేయించుకున్నాను. చవక, బ్రహ్మాండం. చివర్లో గడ్డం పట్టుకుని మెడ టక్కున తిప్పబోతే వద్దన్నాను. అలా విసురుగా తిప్పితే మెడలోని రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ ఆ ఒక్క చప్పుడు కోసం ఎందుకా టెన్షన్?

అంతర్వేది గుడికి వెళ్లడం మర్దన రోజున పెట్టుకోకండి. ఒంటి నిండా నూనె, పైన ఎండ, సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు కోసం ఎదురుచూపు, ఇవి మూడూ కలిస్తే నరకం. ముందు రోజే దర్శనం చేసుకోండి. పాత నూలు బట్టలు పట్టుకెళ్లండి, కడుపు నిండా తిని వెళ్లకండి. పెద్దవాళ్లు నూనె కాళ్లతో స్నానాల గదిలోకి వెళ్లేటప్పుడు చెయ్యి పట్టుకోండి. పాలకొల్లులో మాకు సున్నిపిండి, వేడినీళ్లు వాళ్లే ఇచ్చారు. రిసార్ట్‌లో సబ్బు బిళ్లతో సరిపెట్టుకున్నాం.