కాబ్ యాక్సెస్‌పోర్ట్ రివ్యూ: బూస్ట్ పెంచే ముందు పెట్రోల్ లెక్క చూసుకోండి

డాలస్ చుట్టుపక్కల సుబారు నడిపే మన కుర్రాళ్లు కలిస్తే నన్ను ముందుగా అడిగేది ఇదే: "అన్నా, ఎన్ని పీఎస్ఐ దాకా సేఫ్?" అంటే టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి అదనపు పీడనాన్ని, బూస్ట్‌ను, ఎంతదాకా పెంచొచ్చని. నేను వెంటనే నంబర్ చెప్పను. ఏ పెట్రోల్ పోస్తున్నావు, నాక్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి అంటుకోవడం) ఎంత చూపిస్తోంది, ఫుల్ థ్రాటిల్‌లో రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే గొట్టంలో పీడనం) నిలబడుతోందా అని అడుగుతాను. ఈ మూడూ తెలియకుండా బూస్ట్ పెంచడం నాకు అస్సలు ఇష్టం లేదు. వీటిలో చివరి రెండింటిని కళ్లముందు చూపించే, కారు కంప్యూటర్ సెట్టింగులు మార్చే పరికరం కాబట్టే కాబ్ యాక్సెస్‌పోర్ట్ మీద ఇంత వివరంగా రాస్తున్నాను.

నాది 2018 సుబారు డబ్ల్యుఆర్ఎక్స్, మాన్యువల్ గేర్‌బాక్స్. 2 లీటర్ల ఎఫ్ఏ20 ఇంజిన్, డైరెక్ట్ ఇంజెక్షన్, కంప్రెషన్ రేషియో 10.6. కంపెనీ లెక్కలో 268 హార్స్‌పవర్, 258 పౌండ్-ఫీట్ టార్క్, పీక్ బూస్ట్ 15.9 పీఎస్ఐ. బయటి గాలి పీడనమే సముద్రమట్టం దగ్గర 14.7 పీఎస్ఐ. అంటే ఎవరూ చెయ్యి పెట్టకముందే ఈ ఇంజిన్ రెట్టింపుకు మించిన పీడనంతో గాలి మింగుతోంది. పాత టర్బో కార్లలో కంప్రెషన్ 8, 8.5 ఉండేది. కంప్రెషన్ ఎక్కువైతే నాక్ ముప్పూ ఎక్కువ కాబట్టి, 10.6 మీద బూస్ట్ పెంచేటప్పుడు ఆ పాత కార్ల నంబర్లు మనకు పనికిరావు.

యాక్సెస్‌పోర్ట్ చేతిలో పట్టేంత చిన్న పెట్టె. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్‌కి (కారు కంప్యూటర్‌కి వైరు తగిలించే సాకెట్) తగిలిస్తే కారులో ఉన్న ఒరిజినల్ మ్యాప్‌ను, అంటే ఇంజిన్ నడిపే సెట్టింగుల పట్టికను, దాచిపెట్టి, మనం ఎంచుకున్న మ్యాప్‌ను ఎక్కిస్తుంది. ఆ తర్వాత డ్యాష్‌బోర్డు మీద గేజ్‌లా ఉంచుకోవచ్చు, నడిపేటప్పటి రీడింగుల రికార్డు, అంటే లాగ్, తీసుకోవచ్చు. కారు సర్వీసుకు వెళ్లేటప్పుడు పాత మ్యాప్ తిరిగి ఎక్కించడం సులభం. నేను వేసింది కంపెనీ రెడీగా ఇచ్చే స్టేజ్ 1 మ్యాప్, 93 ఆక్టేన్ పెట్రోల్‌కి (ఆక్టేన్ అంటే నాక్‌ను తట్టుకునే శక్తి కొలత) రాసినది. దీనికి వేరే పార్టు ఏదీ మార్చక్కర్లేదు.

తేడా తెలుస్తుందా అంటే బాగా తెలుస్తుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర లాగుడు నిండుగా వస్తుంది, థ్రాటిల్ తడబాటు తగ్గింది. టోల్‌వే మీదికి ఎక్కే ర్యాంపులో మూడో గేర్‌లోనే పని అయిపోతోంది. నా కారులో పీక్ బూస్ట్ 18 పీఎస్ఐ దగ్గర కనిపిస్తుంది, రెడ్‌లైన్ వైపు వెళ్లేకొద్దీ దిగిపోతుంది. అలా దిగడం లోపం కాదు. చిన్న టర్బోను పైఆర్‌పీఎంలో బలవంతంగా 18 దగ్గరే పట్టి ఉంచితే గాలి పెరగడం కంటే వేడి పెరగడమే ఎక్కువ. మ్యాప్ రాసినవాళ్లు అక్కడ తగ్గించారంటే పని తెలిసినవాళ్లని నా నమ్మకం.

ఇండియాలో ఉన్నవాళ్లు ఈ 93 నంబర్ చూసి పొరపడవద్దు. అమెరికా పంపుల మీద రాసేది ఆర్‌ఓఎన్, ఎమ్‌ఓఎన్ అనే రెండు రకాల ఆక్టేన్ కొలతల సగటు. మన బంకుల్లో చెప్పేది ఆర్‌ఓఎన్ ఒక్కటే. కాబట్టి ఇక్కడి 93 మన లెక్కలో దాదాపు 98 అవుతుంది. ఇక్కడ అన్నిటికన్నా చౌకగా దొరికే 87 మన 91కి దగ్గర. టెక్సస్ మ్యాప్‌తో ఒకరు 18 పీఎస్ఐ నడుపుతున్నారని విని, హైదరాబాద్‌లో మామూలు పెట్రోల్ పోసి అదే నంబర్ పెట్టుకుంటే ఇంజిన్ లోపల జరిగేది పూర్తిగా వేరు. కాలిఫోర్నియాలో ప్రీమియం అంటే 91 మాత్రమే, అందుకే ఆ మ్యాప్ విడిగా ఉంటుంది.

ఇక నాక్ సంగతి. నేను స్క్రీన్ మీద ఎప్పుడూ ఉంచేవి డైనమిక్ అడ్వాన్స్ మల్టిప్లయర్, ఫీడ్‌బ్యాక్ నాక్ (నాక్ వినగానే అప్పటికప్పుడు స్పార్క్ టైమింగ్ తగ్గింపు), ఫైన్ నాక్ లెర్న్ (కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న తగ్గింపు). మొదటిది 1 దగ్గర ఉండాలి. అది పడిపోయిందంటే మొత్తం మీద నాక్ ఎక్కువైందని తేల్చుకుని కంప్యూటరే స్పార్క్ టైమింగ్‌ను వెనక్కి లాగుతోందన్నమాట. ఫీడ్‌బ్యాక్ నాక్‌లో అప్పుడప్పుడూ -1.4 కనిపించి మాయమైతే టెన్షన్ పడను, గేరు మార్చేటప్పుడు, గతుకుల రోడ్డు మీద అలాంటివి వస్తుంటాయి. ఫుల్ థ్రాటిల్‌లో, అదే ఆర్‌పీఎం దగ్గర, పదేపదే వస్తుంటే మాత్రం కాలు తీసేయాలి. ఆ లాగ్ మ్యాప్ రాసే నిపుణుడికి, అంటే ట్యూనర్‌కి, చూపించేదాకా బూస్ట్ జోలికి వెళ్లకూడదు.

ఈ పరికరం విలువ నాకు అసలు తెలిసింది ఫ్యూయల్ సిస్టమ్ దగ్గర. సిలిండర్ బయటే పెట్రోల్ చల్లే పోర్ట్ ఇంజెక్షన్ ఇంజిన్‌లో ఇంజెక్టర్ దాదాపు రెండు పూర్తి చుట్లు తెరిచి ఉండొచ్చు. 6000 ఆర్‌పీఎం దగ్గర అది 20 మిల్లీసెకన్లు. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో అంత వెసులుబాటు లేదు. గాలి లోపలికి వచ్చేటప్పుడు, కంప్రెషన్ మొదట్లో, నేరుగా సిలిండర్‌లోకే చల్లాలి. పంక్తి లేచేలోపు వడ్డన ముగించడం లాంటిదే. టైమ్ చాలదు కాబట్టి ప్రెషర్ పెంచి చల్లుతారు, ఇక్కడ ప్రెషర్ వంద బార్లు దాటుతుంది. ఆ ప్రెషర్ ఇచ్చేది క్యామ్ మీద నడిచే హైప్రెషర్ పంప్. దాని పరిమితి దాటి అడిగితే రైల్ ప్రెషర్ పడిపోతుంది, పెట్రోల్ తగ్గుతుంది, మిశ్రమం పలచబడుతుంది, అదీ సరిగ్గా బూస్ట్ నిండుగా ఉన్నప్పుడే. అందుకే నేను లాగ్‌లో బూస్ట్ గీత పక్కనే రైల్ ప్రెషర్ గీత పెట్టుకుని చూస్తాను. కంప్యూటర్ అడిగినంత ప్రెషర్ రెడ్‌లైన్ దాకా వస్తుంటే పంప్‌లో ఇంకా సత్తా ఉన్నట్టు. 93 ఆక్టేన్ స్టేజ్ 1లో నా కారుకు ఏ కొత్త పంపూ అవసరం రాలేదు.

ఇథనాల్ కలిపితే కథ మారుతుంది. ఇథనాల్ నాక్‌ను బాగా ఆపుతుంది, సిలిండర్‌ను చల్లబరుస్తుంది, ఇది నిజమే. కానీ పెట్రోల్‌కి 14.7 పాళ్ల గాలి సరిపోతే ఇథనాల్‌కి 9 పాళ్లే. అంటే అంతే గాలికి ఇంధనం చాలా ఎక్కువ పోయాలి. 30 శాతం ఇథనాల్ మిశ్రమానికి ఆ లెక్క 13 దగ్గరికి వస్తుంది. ఈ ఇంజిన్‌లో స్టాక్ (కంపెనీ వేసిన) పంప్ ఆ చుట్టుపక్కలే ఊపిరాడక ఇబ్బంది పడుతుందని ట్యూనర్లు చెబుతారు. పూర్తి ఇ85 (85 శాతం దాకా ఇథనాల్ ఉండే ఇంధనం) పోయాలంటే హైప్రెషర్ పంప్, ఇంజెక్టర్లు, ట్యాంక్‌లోని పంప్, మళ్లీ మ్యాప్, అన్నీ మార్చాలి. ఇంత చేశాక కూడా పిస్టన్లను క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ల పరిమితి మిగిలే ఉంటుంది. జాగ్రత్తపరులైన ట్యూనర్లు స్టాక్ రాడ్ల మీద చక్రాల దగ్గర 350 పౌండ్-ఫీట్ దాటనివ్వరు.

మా స్నేహితుడిది సుబారు ఎస్‌టీఐ, 2.5 లీటర్ల ఇంజిన్, పోర్ట్ ఇంజెక్షన్. అతని ఫ్యూయల్ లెక్క చాలా తేలిక. 400 హార్స్‌పవర్ కావాలనుకుందాం. టర్బో ఇంజిన్ ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకు 0.6 పౌండ్ల పెట్రోల్ తాగుతుందనుకుంటే 240 పౌండ్లు. నాలుగు ఇంజెక్టర్లకు తలా 60. ఏ ఇంజెక్టర్‌నీ 80 శాతం మించి పని చేయించకూడదు కాబట్టి 75 పౌండ్ల సైజు కావాలి, అది నిమిషానికి దాదాపు 790 సీసీ. పంప్ కొనేటప్పుడు మాత్రం డబ్బా మీద గంటకు 255 లీటర్లు అని చూసి మురిసిపోకండి. ప్రెషర్ పెరిగేకొద్దీ పంప్ ఇచ్చే పెట్రోల్ తగ్గుతుంది. బూస్ట్ లేనప్పటి బేస్ ప్రెషర్ 43.5 ఉండి, బూస్ట్ 20 అయితే రైల్‌లో 63.5 పీఎస్ఐ కావాలి. ఆ 63.5 దగ్గర, కారు నడిచేటప్పుడు ఉండే వోల్టేజీలో, ఎంత ఇస్తుందో చూసి కొనాలి.

ఎండ మాట కూడా చెప్పాలి. నా కారులో టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఇంజిన్ నెత్తిన కూర్చుంటుంది. జూలైలో, ట్రాఫిక్‌లో అరగంట నిలబడ్డాక దాని మీద చెయ్యి పెట్టలేం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు లాగ్ తీసి అంతా బాగుందనుకోవడం సరిపోదు. మధ్యాహ్నం లాగ్ కూడా తీయాలి. ఆరో గేర్‌లో 2000 ఆర్‌పీఎం దగ్గర పెడల్ నేలకు నొక్కడం ఏ మ్యాప్‌తోనైనా మానేయండి. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోలకు ఆ తక్కువ వేగంలో స్పార్క్ రాకముందే అంటుకునే జబ్బు ఉంది, పిస్టన్లను విరగ్గొట్టేది అదే.

నాకు నచ్చనివి కొన్ని ఉన్నాయి. ధర ఎక్కువ, అన్‌ఇన్‌స్టాల్ చేసేదాకా ఒక పెట్టె ఒక్క కారుకే అంటుకుపోతుంది. 2022లో కంపెనీ అమెరికా కాలుష్య చట్టాలకు అనుగుణంగా ఉండటానికని కొన్ని సౌకర్యాలు తీసేసింది, దాంతో అసంతృప్తి పడ్డవాళ్లు చాలామందే. నేను ఆ నిర్ణయాన్ని తప్పుపట్టను. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేసిన కారు వెనక సిగ్నల్ దగ్గర నిలబడ్డ ఎవరైనా తప్పుపట్టరు. కొత్త మ్యాప్ ఎక్కించగానే కారులోని ఎమిషన్ రెడీనెస్ లెక్కలన్నీ (పొగ పరీక్షకు కారు సిద్ధమని కంప్యూటర్ నమోదు చేసుకునేవి) చెరిగిపోతాయి. డాలస్, కాలిన్ కౌంటీల్లో ఎమిషన్ పరీక్ష ఉంది కాబట్టి, కొన్నాళ్లు మామూలుగా నడిపి అవి పూర్తయ్యాకే వెళ్లాలి. వారంటీలో ఉన్న కారైతే ఇంకా ఆలోచించండి. మ్యాప్ మార్చినట్టు డీలర్ కనిపెట్టగలడు, ఇంజిన్ పోతే వాదించుకోవాల్సింది మీరే.

నా మట్టుకు స్టేజ్ 1, 93 ఆక్టేన్, స్టాక్ ఫ్యూయల్ సిస్టమ్. ఇక్కడితో ఆగడం ఈ ఇంజిన్‌కి గౌరవమిచ్చినట్టు. ఇంకా కావాలనేవాళ్లు ముందు పెట్రోల్ వైపు పనులన్నీ చేయించి, లాగ్‌లో చూసుకుని, ఆ తర్వాతే బూస్ట్ పెంచమని ట్యూనర్‌ని అడగండి.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లకు ఒక్క మాట. పాత యజమాని తన కారులోంచి దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేశాడో లేదో డబ్బులు ఇచ్చే ముందే స్క్రీన్ ఆన్ చేయించి చూడండి. చేయకపోతే అది మీ కారుకు ఎక్కదు. మీ మోడల్, సంవత్సరం ఆ పార్ట్ నంబర్ జాబితాలో ఉన్నాయో లేదో కూడా అక్కడే సరిచూసుకోండి. డబ్ల్యుఆర్ఎక్స్‌ది అని చెప్పి వేరే తరం కారుది అంటగట్టేవాళ్లు ఉన్నారు.