రెండేళ్లు వాడాక: నాలుగో తరగతిలో అడుగుల బ్యాండ్లు

డాలస్ పక్కన ఒక ప్రభుత్వ పాఠశాలలో నాలుగో తరగతికి లెక్కలు, సైన్సు చెప్తాను. రెండు విద్యా సంవత్సరాలుగా మా క్లాసు పిల్లలు అడుగులు లెక్కపెట్టే బ్యాండ్లు చేతికి కట్టుకుంటున్నారు. స్క్రీన్ ఎలా ఉంది, నీళ్లలో తడిస్తే ఏమవుతుంది లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి. నాకు ఈ బ్యాండ్ల మీద ఇంత ఇష్టం కలిగింది మాత్రం అవి లెక్క తప్పిన రోజున.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం, రీసెస్ (ఆటల విరామం) అయ్యాక అందరి అడుగులనూ బోర్డు మీద డాట్ ప్లాట్‌గా, అంటే అంకెల గీత మీద ఒక్కొక్కరికి ఒక చుక్కగా, వేస్తున్నాం. టెక్సాస్‌లో నాలుగో తరగతి సిలబస్‌లో అది ఉంది. చాలా చుక్కలు 1,300 నుంచి 1,600 మధ్య గుంపుగా పడ్డాయి. ఒక్క చుక్క మాత్రం 200 దగ్గర ఒంటరిగా ఉంది. అది ఎవరిదో కాదు, క్లాసులో నిమిషం కుదురుగా ఉండని అమ్మాయిది. "ఇది అబద్ధం, నేను అసలు ఆగలేదు" అంటూ అరచేతులు చాపి చూపించింది. బొబ్బలెక్కాయి. ఆ అరగంటా మంకీ బార్స్ మీద, అంటే చేతులతో పట్టుకుని వేలాడే కడ్డీల మీద, వేలాడుతూనే ఉందట.

మిగతావాటికి దూరంగా పడిన అంకెను అవుట్‌లయర్ అంటారని చెప్పి ముందుకు వెళ్లిపోబోయాను. "టీచర్, చుక్క తప్పా, బ్యాండు తప్పా?" అని ఒక బాబు అడిగాడు. ఇక తర్వాతి మూడు రోజులూ అదే పాఠం.

వరండాలో వంద అడుగులు నడిచారు: ఒకసారి చేతులు ఊపుతూ, ఒకసారి జేబుల్లో పెట్టుకుని, ఒకసారి లైబ్రరీ పుస్తకాల బండి తోస్తూ. బండి తోసినప్పుడు ఒకరి బ్యాండులో 31 పడ్డాయి. కుర్చీలో కూర్చుని చేయి ఊపితే మాత్రం వరసగా పడుతూనే ఉన్నాయి. ఒక్కసారి చేస్తే నమ్మకూడదు, మూడుసార్లు చేయాలని పట్టుబట్టింది ఆ మంకీ బార్స్ అమ్మాయే. బ్యాండు లోపల కదలికను కొలిచే యాక్సెలరోమీటరుకు తెలిసేది కదలిక ఒక్కటే, చేయి లయగా ఊగితే దాన్నే అడుగు అనుకుంటుందని చివరికి వాళ్లే తేల్చారు.

యూటాలో విక్టర్ లీ అనే పరిశోధకుడు ప్రాథమిక పాఠశాల పిల్లలకు వాళ్ల సొంత అడుగుల లెక్కలతోనే గణాంకాలు నేర్పిన పని గురించి చదివి నేను ఇది మొదలుపెట్టాను. తమ అంకె అయితే పిల్లలు దానికోసం ఎంత పోట్లాడతారో ఆ మూడు రోజుల్లో కళ్లారా చూశాను.

మొదటి ఏడాది కనబడిన టీచరుకల్లా, పిల్లలు ఎంత హుషారుగా తిరుగుతున్నారో అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం తగ్గించుకోవాలి. ఆ హుషారు ఉన్నది ఆరు వారాలే. యాప్‌లో ఎవరు ముందు, ఎవరు వెనక అని చూపించే పట్టికలో రోజూ చివర ఉండే ఒక బాబు బ్యాండు ఇంట్లో మర్చిపోవడం మొదలుపెట్టాడు. నాలుగోసారికి గానీ నాకు సంగతి అర్థం కాలేదు. ఆ రోజే పట్టిక ఆపేశాను. ఇంకా ముందే ఆపాల్సింది, ఇప్పటికీ బాధగా ఉంటుంది. రోజుకు 10,000 అడుగుల లక్ష్యం కూడా తీసేశాను. అది 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చిన అంకె, పిల్లలను చూసి పెట్టింది కాదు. ఇప్పుడు బోర్డు మీద చుక్కలుంటాయి, పేర్లుండవు.

సోమవారం పొద్దున ఛార్జింగుకే ఇరవై నిమిషాలు పోతాయి. పదమూడేళ్లలోపు పిల్లల వివరాలు ఆన్‌లైన్ సర్వీసులు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని ఇక్కడ చట్టం. 22 మందిలో ఇద్దరి ఇళ్లలో వద్దన్నారు. ఆ ఇద్దరికీ వేలితో నొక్కే కౌంటర్లు ఇచ్చి పక్కనే నడిపించాను. ఆ మూడు రోజులూ సరైన లెక్క వాళ్ల దగ్గరే ఉంది. మిగతావాళ్లంతా తమ బ్యాండును వాళ్ల అంకెతో పోల్చుకున్నారు.

మాకు బ్యాండ్లు పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) కొనిచ్చింది, పీఈ (వ్యాయామం) టీచరు సాయముంది, పరీక్షల టెన్షన్ లేని అక్టోబరులో మూడు రోజులు దొరికాయి. ఇవేవీ లేకపోతే కొనమని గట్టిగా చెప్పలేను. గుంటూరులో టీచరుగా ఉన్న మా అక్క తన నలభై మంది పిల్లల కోసం అడిగితే, వేలి కౌంటర్లు నాలుగు, బ్యాండు ఒక్కటి కొనుక్కోమన్నాను.