నంద్యాల చుట్టూ అమ్మతో నాలుగు రోజులు

అమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. మహానంది, యాగంటి, అహోబిలం మూడూ ఒక్క రోజులో తిప్పి తెస్తామన్న కారువాళ్లు స్టేషన్ బయటే దొరికారు. ఒప్పుకోకపోవడమే మంచిదైంది. నంద్యాలలో మకాం పెట్టి రోజుకో దిక్కు వెళ్లొచ్చాం.

మహానందికి ఆర్టీసీ బస్సు చాలు, పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దూరం. తెల్లవారుజామునే వెళ్లండి. లింగం కింద పుట్టిన ఊట రుద్రగుండంలో నిండి, బయటి గుండాల్లోకి, ఆపైన అరటితోటల్లోకి పారుతుంది. ఐదడుగుల లోతున్నా అడుగున పడిన నాణేలు లెక్కపెట్టుకోవచ్చు, అంత తేట. అమ్మ బయటి గుండం మెట్టు మీద కూర్చుని అరగంట సేపు కాళ్లు నీళ్లలోనే ఉంచింది. ఈ ఒక్క అరగంట కోసం మళ్లీ రమ్మన్నా వస్తాను.

బస మాత్రం బాధపెట్టింది. లిఫ్టు ఉందని ఫోన్‌లో చెప్పిన లాడ్జిలో తీరా చూస్తే అది నడవడం లేదు, మాకిచ్చింది రెండో అంతస్తు. పెద్దవాళ్లతో వెళ్తే కింది గదే కావాలని ముందే ఖాయం చేసుకోండి. పొద్దున టిఫిన్‌కు బండి మీది ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఆ కోపాన్ని కొంత తీర్చాయి.

రెండో రోజు బనగానపల్లె మీదుగా యాగంటి. ఇక్కడ శివుడు లింగంగా కాదు, ఉమతో కలిసి ఒకే రాతిలో మూర్తిగా ఉంటాడు. పెరుగుతూ ఉంటుందని నమ్మే ఇక్కడి రాతి నంది, పెరిగే బసవన్న, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడన్న వీరబ్రహ్మంగారి మాట అక్కడ అందరి నోటా వింటాం. అగస్త్యుడి శాపం వల్ల కాకి వాలదంటారు. గుహల మెట్లు నిటారుగా ఉన్నాయి, అమ్మ కోనేటి దగ్గరే ఆగింది.

అక్కడి నుంచి బెలుం గుహలు. సున్నపురాయిని నీరు కరిగించుకుంటూ పోయి చేసిన దారి ఇది, పొడవు 3,229 మీటర్లు. మనల్ని వదిలేది అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరే. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశారు. 1982-83లో జర్మన్ బృందం లోపలంతా కొలిచింది, 2002లో జనానికి తెరిచారు. లోపల ఉక్కకు చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లు దిగొద్దు. దిగగలిగితే పాతాళగంగ దాకా వెళ్లండి. భూమి లోపల, నేలకు నూట యాభై అడుగుల కింద నీటి చప్పుడు వింటూ నిలబడితే మహానంది ఊట గుర్తొచ్చింది.

అహోబిలానికి ఒక రోజంతా పెట్టినా చాలలేదు. ఎగువ అహోబిలం వరకు రోడ్డుంది, అమ్మకు గుహలోని ఉగ్రనరసింహుడి దర్శనం బాగా జరిగింది. జ్వాలా నరసింహుడికి రాళ్ల మీద నడక, నేనొక్కణ్ణే వెళ్లాను. తొమ్మిది నరసింహుల్నీ చూడాలనుకుంటే అక్కడే రెండు రాత్రులు ఉండాలి.

తిరుగుదారిలో నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడు. 1988లో బట్టమేక పిట్టను కాపాడటానికే దీన్ని అభయారణ్యం చేశారు. పొద్దున్నే గడ్డిలో కృష్ణజింకలు గుంపులుగా కనిపించాయి. పిట్ట జాడ లేదు. చుట్టూ సాగు పెరిగి, ఆ పెద్ద పక్షికి కావలసిన పచ్చికబయలు తరిగిపోయింది. అమ్మ కారు దిగి గట్టు మీద చాలాసేపు చూసింది. "దాని కోసమే ఉంచిన చోట అదే లేదా నాయనా?" అంది.