పడవను మునిగిన ఓడకే కట్టాలా, పక్కన కాంక్రీట్ దిమ్మకు కట్టాలా?

ఎర్రసముద్రంలో, ఈజిప్టు తీరానికి దగ్గర్లో, సుమారు 30 మీటర్ల లోతున ఎస్.ఎస్. థిసిల్‌గోర్మ్ ఉంది. 1941 అక్టోబర్ 6న జర్మన్ బాంబులకు మునిగిన బ్రిటిష్ సరుకు ఓడ అది. లోపల మోటార్ సైకిళ్లు, లారీలు ఇప్పటికీ కనిపిస్తాయి. నీటిలోకి దిగి చూడటానికి ఎంతోమంది డైవర్లు వచ్చే ఇలాంటి చోట వాళ్ల పడవను దేనికి కట్టాలి?

ఓడకే కట్టేయడం తేలిక. తాడు పట్టుకుని దిగితే నేరుగా ఓడ మీదికే చేరతాం, ప్రవాహం గట్టిగా ఉన్నా దారి తప్పం. కానీ అల లేచిన ప్రతిసారీ పడవ లాగుడంతా ఆ ఇనుము మీదే పడుతుంది. ఎనభై ఏళ్లకు పైగా ఉప్పునీటిలో నానిన ఇనుము! రెయిలింగ్ వంగుతుంది, తుప్పు రేకు చిరుగుతుంది. కట్టు ఊడితే పడవ కొట్టుకుపోతుంది, కింద ఉన్నవాళ్లకు పైకి వచ్చే దారి పోతుంది.

పక్కన ఇసుకలో కాంక్రీట్ దిమ్మ దించడానికి ఖర్చు ఎక్కువ, క్రేన్ కావాలి. బరువు లెక్క కూడా జాగ్రత్తగా చూడాలి. వెయ్యి కిలోల దిమ్మ సముద్రపు నీటిలో ఆరువందల కిలోల లోపే తూగుతుంది. గొలుసును బిగించే షాకిల్ (U ఆకారపు ఇనుప కొక్కెం) పిన్నుకు తీగ చుట్టి కట్టాలి, లేదంటే కదలికకు అదే మెల్లగా తిరిగి ఊడొస్తుంది. తాడు నైలాన్‌దైతే సాగి కుదుపును తట్టుకుంటుంది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ తాడు నీటిపై తేలుతుంది, వదులుగా ఉంటే ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది.

నా ఓటు దిమ్మకే. అక్కడి నుంచి ఓడ దాకా డైవర్లు పట్టుకుని వెళ్లడానికి ఒక సన్నని తాడు వేస్తే చాలు, దాని మీద పడవ బరువు పడదు.