ఆరో తరగతికి వాడలోని సర్కారు హైస్కూలా, గురుకులమా?

హన్మకొండ, కాజీపేట వైపు ప్రతి ఎండాకాలం ఇదే టెన్షన్.

ఖర్చు: రెండింట్లోనూ ఫీజు లేదు. హైస్కూల్లో పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఇస్తారు. గురుకులంలో మూడు పూటల తిండి, పడక కూడా సర్కారుదే.

శ్రమ: హైస్కూలుకు టీసీ, ఆధార్ పట్టుకుని పోతే చాలు. గురుకులానికి ఎంట్రన్స్ రాయాలి, కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో తీయించాలి, పైగా అసలు ప్రవేశం ఐదో తరగతిలోనే, ఆరుకు మిగిలిన ఖాళీలే, కాబట్టి నాలుగులో ఉండగానే తయారీ మొదలుపెట్టాలి.

రిస్క్: ఇక్కడ తొందరపడకండి. పదేళ్ల పిల్లకు రాత్రి జ్వరమొస్తే పక్కన అమ్మ ఉండదు, కొందరు నెలలోనే సర్దుకుంటారు, కొందరు ఏడాదైనా ఏడుస్తారు, అది మార్కుల్లో కనిపించదు. హైస్కూల్లో అయితే లెక్కలకు, సైన్సుకు సార్లు ఉన్నారా, బాత్రూంలలో నీళ్లు వస్తున్నాయా, స్వయంగా వెళ్లి చూడండి, హెడ్మాస్టర్‌నే అడగండి, మొహమాటం వద్దు.

సాయంత్రం పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని చదివించే మనిషి ఇంట్లో ఉంటే హైస్కూలే నయం. ఇద్దరూ పొద్దున పోయి రాత్రికి వచ్చే పనుల్లో ఉండి, పిల్ల కూడా పోతానంటే గురుకులం.